ఒక గుండె, నలభై ముగ్గురు

మా ఆయనకు ఈ ప్రపంచంలో దేని మీదా నమ్మకం లేదు. గ్యాస్ కట్టేశానని నేను చెబితే వెళ్ళి ఒకసారి చూస్తారు. చెప్పులేసుకున్నాక మరోసారి చూస్తారు. మెట్లు దిగాక వెనక్కి వచ్చి ఇంకోసారి చూస్తారు. వీధి తలుపుకు తాళం వేశాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడతారు. ఇరవై ఆరేళ్ళుగా ఇలా వేలాడడం వల్ల మూడు తాళాలు పాడయ్యాయి గానీ, ఒక్క దొంగా మా ఇంటి వైపు చూసిన పాపాన పోలేదు. ఒకసారి సింహాచలంలో దర్శనం వరసలో నిలబడి, ఇంకో పదిమంది అయితే మా వంతు అనగా, తాళం చూసుకోవడానికి ఇంటికి వచ్చేశారు. ఆయన వాటా దండం కూడా నేనే పెట్టాను.

ఇటువంటి మనిషిని ప్రభుత్వం వెతికి పట్టుకుని, రాష్ట్రంలో ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్లన్నిటికీ తాళం వేసే పని అప్పజెప్పింది. ఆయన పేరు చక్రపాణి. విశాఖపట్నంలో ఒక కొండ వాలున ఉన్న ప్రభుత్వ ప్రయోగశాలకు పెద్ద. ఆ కొండ మీదే మా క్వార్టరు. వంటింటి కిటికీలోంచి చూస్తే సముద్రం, దాని ఒడ్డున జాలర్ల పేట కనిపిస్తాయి. నా పేరు వసుంధర. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది. ప్రస్తుతం దాన్ని ఇడ్లీ పిండి మీద ప్రయోగిస్తున్నాను.

తాళం అవసరం ఎందుకు పడిందంటే, అంతకు ముందటేడు ఎవరో ఎక్కడో కూర్చుని మన ప్రభుత్వ వెబ్‌సైట్లన్నిటినీ ఒక్కసారిగా పట్టేసుకున్నారు. పందొమ్మిది రోజులు. భూముల పత్రాలు, పింఛన్లు, రేషను, పిల్లల హాల్ టికెట్లు, అన్నీ మాయం. ఆసుపత్రుల్లో డయాలిసిస్ యంత్రాలు కూడా ఆ నెట్‌వర్కుకే తగిలించి ఉండడంతో, నడుస్తూ నడుస్తూ ఆగిపోయాయి. ఎంతమంది పోయారో ప్రభుత్వం చెప్పలేదు. మా ఆయనకు తెలుసు. నాకు చెప్పలేదు. కానీ ఆ తర్వాత తాళం పట్టుకుని వేలాడే సమయం పెరిగింది.

దొంగలు ఎలా వచ్చారని విచారిస్తే, గోడ దూకలేదు, కన్నం వెయ్యలేదు. ఒక పెద్ద అధికారి పాస్‌వర్డుతో దర్జాగా వచ్చారు. అది ఆయన పెంపుడు కుక్క పేరు, దాని వెనకాల ఒకటి రెండు మూడు.

"తాళం చెవి అంటూ ఉంటే అది ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, వసుంధరా," అన్నారు మా ఆయన, చారులో అన్నం కలుపుతూ. "ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అసలు తాళం చెవే లేని తాళం చెయ్యాలి."

"మరి తలుపు ఎవరు తీస్తారండీ?"

"తలుపే మనిషిని చూసి తీస్తుంది."

ఆ మాట అన్న ఏడు నెలలకు, పలక అంత అద్దం ముక్క ఒకటి ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. దాని మీద వేలు పెట్టమన్నారు. నా వేలికి కొబ్బరి పచ్చడి ఉందంటే ఫరవాలేదన్నారు. పెట్టాను. పచ్చ అక్షరాలతో 'మనిషి' అని వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో నాకు దొరికిన మొదటి ధ్రువపత్రం అది.

తర్వాత ఆయన రబ్బరు వేలు ఒకటి మిక్సీ గిన్నెకు కట్టి, మిక్సీ వేసి, ఆ అదురుతున్న వేలును అద్దానికి ఆనించారు. 'మనిషి కాదు' అని ఎర్రగా వచ్చింది.

"చూశావా? గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలి కొస వెంట్రుకలో వందో వంతు లేచి పడుతుంది. అది ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. యంత్రానికి అసలే ఉండదు. దొంగలు పంపేవన్నీ యంత్రాలే కదా. గుండె ఉన్నవాడికి తలుపు తెరుచుకుంటుంది, లేనివాడికి లేదు. అంతే!"

ఆ హడావుడికి మా అత్తయ్య వచ్చి, "ఏదిరా, నేనూ పెడతాను," అని వేలు పెట్టింది.

'మనిషి కాదు.'

నేను వెంటనే పోపు డబ్బాలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దూర్చేశాను. ఎన్నో ఏళ్ళుగా నేను మనసులో అనుకుంటూ బయటకు అనలేని మాటను ఒక అద్దం ముక్క కుండబద్దలు కొట్టినట్టు అనేసింది.

"ఏమిట్రా ఇది? కన్నతల్లిని పట్టుకుని మనిషి కాదంటుందా నీ దిక్కుమాలిన పెంకు?"

"అది కాదమ్మా, నీకు పేస్‌మేకర్ ఉంది కదా. అది గడియారంలా కొడుతుంది. అందుకని యంత్రం అనుకుంది."

"అనుకుంటే అనుకుంది, నువ్వేం చేస్తున్నావు? మార్చు!"

పదిహేను రోజుల్లో మార్చారు. మా ఇంట్లో ఏ లోపం కనబడితే ఆ లోపం సరిచేశారు. అత్తయ్య పేస్‌మేకరు, నా పచ్చడి వేలు, మా అమ్మాయి గోరింటాకు, అన్నీ. మా గడప లోపల ఉన్న మనుషులందరికీ ఆ అద్దం అచ్చంగా సరిపోయింది.

ప్రయోగశాలలో నేను 'నమూనా ఒకటి'. మూడు నెలల పాటు పొద్దున్న వంట కాగానే వెళ్ళి అద్దం ముందు కూర్చునేదాన్ని. నా చేత మెట్లెక్కించి వేలు పెట్టించారు. మిరపకాయ బజ్జీలు తినిపించి పెట్టించారు. కోపంగా ఉన్నప్పుడు కూడా కావాలన్నారు. అందుకు ప్రత్యేకంగా ఏర్పాటేమీ అక్కర్లేదని, మీ సార్ వచ్చి పక్కన నిలబడితే చాలని చెప్పాను. ఎలా ఉన్నా అద్దం నన్ను నేనుగానే గుర్తుపట్టింది. పని అయ్యాక నా నమూనాలు చెరిపేశారు. అది దానికి కావలి అని పేరు పెట్టిన రోజు.

కావలికి తాళం చెవి లేదు. ఆపే మీట లేదు. ముఖ్యమంత్రి చెప్పినా వినదు, మా ఆయన చెప్పినా వినదు. ఎవరినైనా దొంగ అనుకుంటే నూట ఇరవై రోజులు సీలు వేస్తుంది. ఆ సీలు గడువు తీరితే దానంతట అదే విడిపోవాలి తప్ప ఎవరూ విప్పలేరు. దాని నియమం ఒక్కటి మార్చాలన్నా తొమ్మిది మంది కలిసి ఒప్పుకుని, ఆరు నెలలు పరీక్షించాలి. ఆసుపత్రి యంత్రాలు సహా ప్రభుత్వానికి సంబంధించినవన్నీ కావలి మాట మాత్రమే వింటాయి.

"మీ మాట కూడా వినకుండా చేశారా?" అన్నాను.

"నా మాట వినేలా చేస్తే, నా మెడ మీద కత్తి పెట్టినవాడి మాటా వింటుంది."

ఆ జవాబులో నాకేమీ తప్పు కనబడలేదు. బాగుందనే అనుకున్నాను. ఎప్పటి నుంచి మొదలవుతుందని అడిగితే మాత్రం చెప్పలేదు. దొంగలకు తెలియకూడదట. ఒక రోజు చడీచప్పుడు లేకుండా అన్ని వెబ్‌సైట్ల వెనకా కావలి కూర్చుంటుంది. ఆ తర్వాత ఫోను అద్దమే చాలు, ఎవరు మొదటిసారి దాని మీద వేలు పెడితే, ఆ గుండెను ఆ పేరుకు రాసుకుంటుంది. జనానికి తెలియాల్సిన పనే లేదు. దేశానికి చెప్పని రహస్యం భార్యకు మాత్రం ఎందుకు చెబుతారు?

*

ఇక్కడ నా మధ్యాహ్నాల సంగతి చెప్పాలి.

నూకరత్నం మా క్వార్టర్లకు చేపలు తెస్తుంది. పేట నుంచి గంప ఎత్తుకుని ఏడుంపావుకల్లా కొండెక్కుతుంది. ఐదేళ్ళ కిందట ఒక రోజు గంప దించి, కొంగులోంచి ఫోను తీసి, "అమ్మగోరూ, ఇదేటో సూడండి. మావోడికి వేట ఆపిన నెలల బత్తెం రావాలంటే ఇందులో ఏటో నొక్కాలంట. నొక్కితే ఎగిరిపోతంది," అంది. నొక్కి పెట్టాను. మర్నాడు వాళ్ళ తోడికోడలు వచ్చింది. ఆ మర్నాడు ఇద్దరొచ్చారు. వలలు లాగి లాగి ఉప్పు నీళ్ళకు అరిగిపోయిన వేళ్ళు వాళ్ళవి. ఏ యంత్రం మీద పెట్టినా ముద్ర పడదు. చదువూ లేదు. పేట మొత్తానికి దరఖాస్తులు పెట్టే మనిషి నేనయ్యాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా వెనక వరండాలో ఆడవాళ్ళు వరసగా కూర్చునేవారు. ఎవరి ఫోను వాళ్ళు ఇచ్చేవారు. నేను వేలు పెట్టేదాన్ని. రేషను, పింఛను, వేట నిషేధ భృతి, కాన్పు సాయం, అన్నీ.

మా ఆయనకు ఇదంతా తెలియదు. ఆ వేళకు ఆయన ప్రయోగశాలలో ఉంటారు. తెలిస్తే వాళ్ళ ఫోన్లలో క్రిములుంటాయని వరండాకు తాళం వేస్తారు.

నూకరత్నం భర్త ఎర్రయ్యకు రెండు కిడ్నీలూ పోయాయి. సోమవారం, శుక్రవారం ఆసుపత్రిలో డయాలిసిస్. ఆ రెండు రోజులూ పొద్దున్నే, 'ఈ రోజు వస్తున్నారా?' అని ఆమె ఫోనుకు ప్రశ్న వస్తుంది. వస్తున్నామని నొక్కితేనే అక్కడ యంత్రం తయారవుతుంది. ఆమె గంపతో వచ్చినప్పుడు నేనే నొక్కేదాన్ని.

"మా ఆడి పేనం మీ బొటనేలు కింద ఉందమ్మా," అనేది నవ్వుతూ.

"అయితే ఈ రోజు వంజరం ముక్క పెద్దది వెయ్యి," అనేదాన్ని నేను.

ఏప్రిల్ నెలలో వేట ఆపే రోజులొచ్చాయి. పేట అంతా దరఖాస్తులు పెట్టుకోవాలి. ఒక్క వారంలో నలభై మూడు ఇళ్ళవి పెట్టాను. నా వేలు నొప్పి పుట్టింది. సరిగ్గా ఆ వారమే కావలి చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది.

*

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం మా ఆయన మడత కాజాల పొట్లంతో ఇంటికి వచ్చారు. పెళ్ళయ్యాక ఆయన అడగకుండా తీపి తేవడం అది రెండోసారి. మొదటిసారి వేరే వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళవలసింది పొరపాటున తెచ్చారు.

"పట్టుకుంది, వసుంధరా! కావలి మొదటి దొంగను పట్టుకుంది."

అత్తయ్య కళ్ళజోడు సవరించుకుంది. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను.

"రెండు నెలలకోసారి అన్ని గుండెలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుంది. ఈసారి ఏం దొరికిందో తెలుసా? నలభై మూడు పేర్లు. నలభై మూడు ఫోన్లు. గుండె మాత్రం ఒక్కటే! ఒక్క మనిషి నలభై మూడు మందిలా నటిస్తోంది. దొంగ ఆడది. ఆ సంగతి కూడా కావలే చెప్పింది."

"ఆడదా!" అంది అత్తయ్య, సంబరంగా.

"మామూలు తెలివి కాదమ్మా. ఇన్ని ఫోన్లు ఎక్కడ సంపాదించిందో! మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రమే పనిచేస్తుంది. ఆదివారం సెలవు. సోమ, శుక్రవారాలు పొద్దున్నే ఏడున్నరకు మాత్రం ఒకే ఒక్కసారి నొక్కి మాయమైపోతుంది. పెద్ద ముఠా ఏదో వెనకాల ఉండాలి. నిద్ర లేచి నేను స్నానం చేసే వేళకు, అక్కడ అది రాష్ట్రాన్ని దోచుకుంటోంది."

బీరకాయ నా చేతిలోంచి జారి పళ్ళెంలో పడింది. సోమవారం ఏడున్నరకు ఆయన స్నానాల గదిలో ఉంటే, గోడకు ఇవతల నేను ఉన్నాను.

నా పేరు వాటిలో లేకపోవడానికి కారణం ఒక్కటే. ఈ ఇంట్లో కరెంటు బిల్లు ఆయన పేరున ఉంది, గ్యాస్ ఆయన పేరున ఉంది, ఇంటి పన్ను ఆయన పేరున ఉంది. నాకు ప్రభుత్వంతో పనే లేదు. నలభై ముగ్గురిగా ఉన్న నేను నేనుగా మాత్రం ఎక్కడా లేను.

"దొరికిపోయినవాళ్ళను ఏం చేస్తుందండీ?"

"సీలు వేసేసింది కదా. ఆ నలభై ముగ్గురూ అసలు మనుషులే కాదు. ఇక నూట ఇరవై రోజులు ఏ తలుపూ తెరుచుకోదు."

"ఈ రోజు వారం ఏమిటి?"

"గురువారం. ఎందుకు?"

రేపు శుక్రవారం.

"ఏమండీ," అన్నాను. "ఆ దొంగకు మీరు కాజా పెట్టాలి."

ఆయన నవ్వారు. నా మొహం చూశాక నవ్వు ఆపారు. చెప్పాను. అంతా చెప్పాను. అత్తయ్య కాజా నోట్లో పెట్టుకోబోతూ అలాగే ఉండిపోయింది.

ఆయన కాజాల పొట్లం పక్కన పెట్టి, "నువ్వు ఎందుకు పెట్టావు వేలు?" అన్నారు.

"వాళ్ళు పెట్టలేరు కాబట్టి."

"ఎవరి వేలు వాళ్ళే పెట్టాలి, వసుంధరా. అది మామూలు సంగతి. ఎవరైనా అలాగే చేస్తారు."

"ఎవరు చేస్తారండీ? మన క్వార్టర్లలోనా?"

"కావలి తప్పు చెయ్యలేదు," అన్నారు. "చెప్పిన పని చెప్పినట్టు చేసింది."

*

శుక్రవారం పొద్దున్న ఆసుపత్రికి మేమిద్దరమూ వెళ్ళాం. ఎర్రయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు తెప్ప మీద నిలబడి వల విసిరిన మనిషి. ఇప్పుడు కాళ్ళు పొంగి, చొక్కా మాత్రం వదులై ఉన్నాడు. యంత్రం పక్కన తెర మీద ఇలా రాసి ఉంది: 'మానవ స్పందన ధ్రువీకరించబడలేదు.'

"ఏటంటందమ్మా అది?" అన్నాడు ఎర్రయ్య.

"నిన్ను గుర్తుపట్టడం లేదంటోంది."

"నానే కదేటి? ఇక్కడే ఉన్నాను."

మా ఆయన సంచిలోంచి అద్దం తీసి అతని వేలు దాని మీద పెట్టించారు. 'మనిషి' అని పచ్చగా వచ్చింది. ఆయన మొహం వెలిగింది. వెంటనే కొత్తగా పేరు నమోదు చెయ్యబోయారు. అద్దం కాసేపు ఆలోచించి, రెండు వాక్యాలు రాసింది.

'ఈ పేరుతో ఒక మనిషి ఇప్పటికే ఉన్నాడు. అతడు మనిషి కాదు.'

అక్కడున్న డాక్టరమ్మ చిన్నపిల్ల. ఆమె ఎర్రయ్యను, రోడ్డు ప్రమాదాల్లో దొరికినవాళ్ళను రాసే పుస్తకంలో, గుర్తుతెలియని వ్యక్తి అని రాసుకుంది. మంచం ఇచ్చింది. యంత్రం మాత్రం కదల్లేదు. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి యంత్రమూ కావలి మాటే వింటుంది. అప్పటి పందొమ్మిది రోజుల దోపిడీ తర్వాత ప్రభుత్వం అన్ని ఆసుపత్రులకూ తప్పనిసరి చేసింది. ఆ సలహా ఇచ్చింది మా ఆయనే.

ఆయన ప్రయోగశాలకు వెళ్ళారు. తొమ్మిది మందిలో ఆరుగురు ఫోనెత్తారు. ఒకాయన, "నలభై మూడు మంది కోసం తలుపు తీసే దారి చేస్తే, ఆ దారి దొంగకు కూడా దారే కదా, చక్రపాణి గారూ. ఈ మాట మీరే కదా మాకు చెప్పింది?" అన్నారట. మొత్తం కావలినే కరెంటు తీసి పడుకోబెడితే? అప్పుడు రాష్ట్రంలో ఉన్న యంత్రాలన్నీ, ఎవరి మాట వినాలో తెలియక, ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎనిమిది వేల మంది డయాలిసిస్ మీద ఉన్నారు.

ఆయన ఇంటికి వచ్చి సోఫాలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

"నేను పేట వాళ్ళ ఫోన్లన్నీ పట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్ళి, నేనే దొంగనంటానండీ. అప్పుడు విప్పుతారు కదా?"

"విప్పరు. విప్పలేరు. నిన్ను మాత్రం ఐదేళ్ళు లోపల వేస్తారు. ఆ నిబంధన కూడా నేనే రాశాను."

"మీరు రాయనిది ఏదైనా మిగిలిందా?"

అత్తయ్య గుమ్మంలోంచి, "నాకు పదిహేను రోజుల్లో మార్చావు కదరా," అంది, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు.

శనివారం పేటకు వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా వంటింటి కిటికీలోంచి చూడడమే తప్ప అక్కడికి దిగడం అదే మొదటిసారి. ఎండు చేపల తాళ్ళ కింద నుంచి వంగి వెళ్ళాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసిన ఎర్రయ్య నులక మంచం మీద ఉన్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల నీళ్ళ చప్పుడు.

"దాహమేస్తంది," అన్నాడు.

"నీళ్ళు తాగకూడదు ఎర్రయ్యా. ఒంట్లోంచి బయటకు వెళ్ళే దారి లేదు."

"సముద్రం పక్కన పుట్టినోడికి దాహమేటమ్మా, నవ్వుతారు," అన్నాడు.

ఇంటి ముందు నూకరత్నాన్ని పట్టుకుని, జరిగినదంతా చెప్పాను. నా వేలు వల్ల ఇలా అయిందని చెప్పాను. ఆమె విని, కొంగుతో చేపల నీచు చేతులు తుడుచుకుంది.

"మీ ఏలు నేకపోతే ఆడు ఏనాడో పోయేవోడమ్మా. ఇప్పుడేటి సెయ్యాల, అది సెప్పండి."

ఒడిశా సరిహద్దు దాటితే కావలి లేదు. మా ఆయనే కారు మాట్లాడి, ఆదివారం పొద్దున్నే ఎర్రయ్యను ఎక్కించారు. ముందు సీట్లో ఆయన, వెనక మేము. దారి పొడవునా ఆయన కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టారు. ఇచ్ఛాపురం దాటాక మాత్రం వెనక్కి తిరిగి, "ఇంకెంతో లేదు, ఎర్రయ్యా," అన్నారు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అక్కడ కావలి లేదు. వరస ఉంది. ఆసుపత్రి మెట్ల నుంచి గేటు దాకా, మన జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకతను పేరు రాసుకుని గురువారం రమ్మన్నాడు. మా ఆయన అతని కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "సార్, నేను ఫలానా," అని తన కార్డు చూపించారు. అతను అది అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఇక్కడ పనిచెయ్యదు బాబూ," అని మర్యాదగానే వెనక్కి ఇచ్చేశాడు. ఊళ్ళో మిగిలిన రెండు చోట్లా తిరిగాం. ఒకచోట యంత్రం లేదు. రెండోచోట యంత్రం ఉంది, నడిపే మనిషి సెలవులో ఉన్నాడు.

వరండాలో చాప పరుచుకుని గురువారం కోసం కూర్చున్నాం. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎర్రయ్య పోయాడు. నూకరత్నం నా చెయ్యి పట్టుకుని ఉంది. సరిగ్గా అది వెనక వరండాలో నేను వేలు పెడుతూ ఉండాల్సిన సమయం.

*

మిగిలిన నలభై రెండు ఇళ్ళవాళ్ళు బతికారు. రేషను లేక, పింఛను లేక, ఒకరికొకరు పెట్టుకుని గడిపారు. నేను చెయ్యగలిగింది వండి పంపడం. నూట ఇరవై రోజులు అయ్యాయి. అక్టోబరులో ఒక పొద్దున్న నూకరత్నం గంప దించి, ఫోను ఇచ్చింది.

"ఏటో వొచ్చిందమ్మగోరూ. సదవండి."

'ఎర్రయ్య గారికి అభినందనలు. మీ సేవలు పునరుద్ధరించబడ్డాయి. దయచేసి మీ గుండెను మరోసారి నమోదు చేసుకోగలరు.'

నేను పైకి చదవలేదు. సీలు విడిపోయిందని మాత్రం చెప్పాను. ఆమె సరేనని తల ఊపి, "ఈయేళ కానాగంత సేపలు బాగున్నాయి," అంది.

ఆ వారమే విచారణ. ప్రయోగశాల సమావేశం గదిలో పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు పెద్దలు. కావలిని ఇంకో రెండు రాష్ట్రాలు అడుగుతున్నాయట. అందుకని ఈ ఒక్క మచ్చ తొందరగా తుడిచేయాలి. నివేదిక ముందే రాసి పెట్టుకున్నారు. 'లబ్ధిదారులు తమ గుర్తింపును ఇతరులకు అప్పగించి నిబంధనలు ఉల్లంఘించినందువల్ల మరణం సంభవించినది.' చచ్చిపోయినవాడే తప్పు చేశాడని దాని అర్థం. దాని కింద చక్రపాణి సంతకం పడాలి.

చదవడం రాదని నూకరత్నం నన్ను వెంట తెచ్చుకుంది. పేట నుంచి వచ్చినవాళ్ళు గోడ పొడవునా నిలబడ్డారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన అందరినీ వరసగా అడిగాడు.

"మీ ఫోన్ల మీద వేలు పెట్టింది ఎవరు?"

"నానేనండి," అంది మొదటి ఆమె.

"నానే బాబూ," అన్నాడు రెండో అతను.

"నానే."

"నానేనండి."

ఒక్కరూ నా వైపు చూడలేదు. పేట ఆడవాళ్ళకు అబద్ధం చెప్పడం ఎంత కష్టమో, చేప పాతదా కొత్తదా అని అడిగినప్పుడు వాళ్ళ మొహాలు చూసినదాన్ని, నాకు తెలుసు. ఆ రోజు మాత్రం ఎవరి మొహమూ తొణకలేదు. పెద్దాయన విసుక్కున్నాడు.

"నలభై ముగ్గురిదీ ఒకే గుండె ఎలా అవుతుందమ్మా? ఎవరో ఒకరు తప్పు చేశారు కదా?"

నూకరత్నం ముందుకు వచ్చింది.

"తప్పు నాదేనండి. మావోడి సెయ్యి పట్టుకుని, ఆడి ఏలు ఆడి సేతే ఎట్టించాల్సింది. నాకు ఎరక నేకపోనాది. ఆడు తప్పు సేసినాడని మాత్రం రాయకండి బాబూ. ఆడు ఏటీ సెయ్యనేదు."

పెద్దాయన మొహంలో తేలిక కనిపించింది. "రాసుకోండి," అన్నాడు, మూల కూర్చుని టైపు చేస్తున్న ఆమెతో.

నేను లేచాను. ఐదేళ్ళు జైలయినా సరే, చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ అప్పటికే మా ఆయన నిలబడ్డారు. చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది.

"ఆమె చెప్పింది రాయకండి," అన్నారు.

"చక్రపాణి గారూ, కూర్చోండి. కావలి సరిగ్గానే పనిచేసింది. మీ మీద ఎవరూ ఏమీ అనడం లేదు."

"అనడం లేదు. అందుకే నేను అంటున్నాను." చేతిలో కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. మళ్ళీ మొదలుపెట్టారు. "ఈ వరసలో ఉన్నవాళ్ళు ఒకరి పని ఒకరు చేసిపెడితేనే బతుకుతారు. అది నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఈ కొండ దిగలేదు. మా ఇంట్లో నలుగురిని చూసి, మనుషులందరూ ఇంతే అనుకున్నాను. ఎవరి వేలు వాళ్ళే పెట్టుకుంటారని కావలికి నేర్పింది నేను. తలుపు తీసే దారి లేకుండా చేసిందీ నేనే."

మూల ఉన్న టైపు ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె పెద్దాయన వైపు చూసింది, తర్వాత మా ఆయన వైపు చూసింది.

"సార్, ఇది కూడా రాయమంటారా?"

మా ఆయన నూకరత్నం వైపు తిరిగారు. ఆమె కళ్ళలోకి చూడలేక ఆమె పాదాల వైపు చూస్తూ, గదిలో అందరికీ వినబడేలా అన్నారు.

"రాయండమ్మా. ఎర్రయ్యది తప్పు కాదు. ఆమెది కాదు. తప్పు చేసింది నేను."